బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ అయ్యాక బరువు తగ్గుతోంది, మనసు మాత్రం కుదుటపడటం లేదు. మీరు వ్యాయామం ఎలా చేస్తున్నారు?

తొలిఅడుగు (స్లీవ్, ఎనిమిదో నెల)

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

కడుపులో పెద్ద భాగం తీసేసే స్లీవ్ సర్జరీ బాగా జరిగింది. బరువు తగ్గుతూనే ఉంది. షుగర్ మందులు డాక్టర్ ఆపేశారు, మోకాళ్ళ నొప్పి సగానికి సగం తగ్గింది. ఎదురైనవాళ్ళంతా "అసలు గుర్తుపట్టలేకపోయాం" అంటున్నారు. ఇన్ని మంచి మార్పులు వచ్చాక సంతోషంగా ఉండాలి కదా? నాకేమో పొద్దున కళ్ళు తెరవగానే ఏదో బరువు గుండె మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కావడం లేదు. చిన్నమాటకే ఏడుపు వస్తోంది. "ఇంత ఖర్చు పెట్టి, ఇంత కష్టపడి చేయించుకుని ఇంకా ఏంటమ్మా" అని ఇంట్లో అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు.

వ్యాయామం మానలేదు. పొద్దున, సాయంత్రం ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నాను. కానీ దిగగానే నేరుగా వెయింగ్ మెషీన్ దగ్గరికే వెళ్తున్నాను. అంకె తగ్గితే ఆ పూట బాగుంటుంది. తగ్గకపోతే మళ్ళీ ట్రెడ్‌మిల్ ఎక్కుతాను. ఒకపూట మానేస్తే ఏదో నేరం చేసినట్టు ఉంటుంది.

వ్యాయామం చేస్తే మూడ్ బాగుంటుందని అందరూ అంటారు. నా విషయంలో అదే టెన్షన్‌గా మారింది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

---

నిదానం (గ్యాస్ట్రిక్ బైపాస్, నాలుగో ఏడాది)

తొలిఅడుగు గారూ, రాసి మంచి పని చేశారు. మీకొక్కరికే కాదు, చాలామందికి అవుతుంది. బయటికి చెప్పేవాళ్ళే తక్కువ.

సర్జరీకి ముందు బాధ వచ్చినా, కోపం వచ్చినా, ఒంటరిగా అనిపించినా మనలో చాలామందికి తిండే ఓదార్పు. సర్జరీతో ఆ దారి మూసుకుపోతుంది. బాధ మాత్రం ఎక్కడికీ పోదు. స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కూడా ఆ భాగంలోనే. అంటే ఆకలి తీరు కూడా మారిపోయింది. అన్నాళ్ళూ చేతికి అందిన ఊరట ఒక్కసారిగా లేకుండాపోతే, మనసు ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. కొందరికి అది షాపింగ్, కొందరికి మద్యం. మీ విషయంలో అది వెయింగ్ మెషీన్ మీది అంకె అయిందేమో అనిపిస్తోంది.

మద్యం సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొక్క మాట. బైపాస్ (కడుపును చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి కలిపే సర్జరీ) అయినవాళ్ళకు మద్యం చాలా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. అమెరికాలో 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మద్యం సమస్య మొదటి ఏడాది కాదు, రెండో ఏడాదిలో పెరిగినట్టు తేలింది. మొదటి ఏడాది అంతా బాగుంది కదా అని ధీమాగా ఉండకండి. ఇది మీకని కాదు, చదివే అందరికీ చెబుతున్నాను.

మీరు ముందు చేయాల్సింది ఒకటే. ఇక్కడ రాసింది రాసినట్టే మీ బేరియాట్రిక్ టీమ్‌కి చూపించండి. సర్జన్‌కి చెప్పడానికి మొహమాటమైతే నర్సుకో డైటీషియన్‌కో చెప్పండి.

---

పచ్చదారి (ఫిజియోథెరపిస్ట్)

నేను సర్జరీ చేయించుకోలేదు. బేరియాట్రిక్ పేషెంట్లతో పనిచేస్తాను కాబట్టి వ్యాయామం వైపు నుంచి చెబుతాను.

సర్జరీ తర్వాత మొదటి నెలల్లో బరువు తగ్గడానికి ప్రధాన కారణం సర్జరీ, దానివల్ల తగ్గిన తిండి, మారిన హార్మోన్లు. వ్యాయామం వల్ల అదనంగా తగ్గేది, అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సగటున రెండు మూడు కేజీలు. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. వ్యాయామానికి వేరే పెద్ద పని ఉంది. తగ్గే బరువంతా కొవ్వే కాదు, అందులో దాదాపు పాతిక శాతం వరకు కండ, నీరు వంటివి కూడా ఉంటాయి. ఎముకలు కూడా పలచబడతాయి. కండనీ ఎముకనీ కాపాడటం, ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేయడం, గుండె, ఊపిరితిత్తుల దమ్ము పెంచడం, ఇవే వ్యాయామం చేసే పనులు. వీటిలో ఒక్కటి కూడా రోజూ చూసుకునే తూకంలో కనబడదు.

ఇంకొకటి. మీరు బరువులతో వ్యాయామం కొత్తగా మొదలుపెడితే కండల్లో వాపు, నీరు చేరి తూకం కొంచెం పెరగవచ్చు కూడా. కండలో గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకునే చక్కెర) నిల్వ ఉన్నప్పుడు ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు పట్టి ఉంటుంది. ఆ నీరు వస్తుంటుంది, పోతుంటుంది. పొద్దుటికీ సాయంత్రానికీ కనబడే తేడా ఇలాంటిదే. దాన్ని చూసి మళ్ళీ ట్రెడ్‌మిల్ ఎక్కితే నీటితో యుద్ధం చేస్తున్నట్టే.

మీరు రాసినదాంట్లో నాకు రెండు విషయాలు కనబడ్డాయి. ఉన్నదంతా నడకే, బలం పెంచే వ్యాయామం లేదు. విశ్రాంతి రోజు కూడా లేదు. ప్రొటీన్ ఎంత తీసుకుంటున్నారో చెప్పగలరా? మామూలుగా రోజుకు కనీసం 60 గ్రాములు కావాలంటారు, చాలామందికి 60 నుంచి 80 మధ్య చెబుతారు. అది లేకుండా రెండుపూటలా నడిస్తే ఒళ్ళు కండనే కరిగించుకుంటుంది. ఆ నీరసం మనసు మీద కూడా పడుతుంది.

---

దూకుడు (స్లీవ్, పదమూడో నెల)

పచ్చదారి గారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. "రెండు మూడు కేజీలే" అని చెబితే ఇక జిమ్‌కి ఎవరు వెళ్తారండీ? నేను ఆరో నెల నుంచి రోజూ పరుగెత్తుతున్నాను. మనసు బాగోని రోజుల్లోనే ఎక్కువ పరుగెత్తుతాను. చెమట పట్టాక తల తేలికపడుతుంది. తొలిఅడుగు గారికి కూడా విశ్రాంతి కన్నా క్రమశిక్షణే మంచిదేమో. మనకి సర్జరీ దాకా వచ్చిందే క్రమశిక్షణ లేక కదా.

---

ఉదయరాగం (స్లీవ్, రెండేళ్ళు దాటింది)

దూకుడు తమ్ముడూ, నువ్వు పరుగెత్తడం బాగుంది, చేసుకో. ఆ చివరి వాక్యం మాత్రం నేను ఒప్పుకోను. ఊబకాయం జబ్బు. జన్యువులు, హార్మోన్లు, వాడే మందులు, నిద్ర, బతికిన పరిస్థితులు ఎన్నో కలిస్తే వస్తుంది. "నీకు క్రమశిక్షణ లేదు" అన్న మాట జీవితమంతా విన్నవాళ్ళం మనం. అదే మాట సర్జరీ తర్వాత మనకి మనమే చెప్పుకుంటే వ్యాయామం శిక్ష అయిపోతుంది. తొలిఅడుగుకి జరుగుతున్నది అదే అనిపిస్తోంది నాకు.

అమ్మాయ్, నాకు వయసు అరవై దాటింది. నా ఫిజియో నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించలేదు. మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని లేవమంది. లేవలేకపోయాను. తొడలు వణికాయి, ముందుకు ఒంగినా ఒళ్ళు కుర్చీకే అతుక్కుని ఉంది. సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచింది. అప్పుడు లేచాను. పాదాలు కాస్త వెనక్కి, ముక్కు మోకాళ్ళ మీదుగా ముందుకు వచ్చేదాకా ఒంగి, మడమలు నేలకు తొక్కిపెట్టి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా దిగాలి, అసలు పని అక్కడే ఉందని చెప్పింది. కొన్ని వారాలకు దిండు తీసేసింది.

ఆ దిండు తీసిన రోజు నా తూకం అంతకుముందు వారం ఎంతో అంతే ఉంది. నేను మాత్రం ఇంట్లో అందరినీ పిలిచి లేచి చూపించాను.

ఇప్పుడు ఫిజియో దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో లెక్క పెడుతుంది. వెయింగ్ మెషీన్ వారానికి ఒక్కసారి. నువ్వు కూడా అంకె కావాలనుకుంటే ఇలాంటి అంకె పెట్టుకో. ఇది పెరిగే అంకె. తగ్గాల్సిన అంకెను నమ్ముకుంటే ఎప్పుడో ఒకప్పుడు అది ఆగక తప్పదు కదా.

---

నిదానం

ఉదయరాగం గారు చెప్పిన ఆఖరి మాట మీద కొంచెం. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. అందులో బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్ళకు 25 శాతం తగ్గుదల దగ్గర నిలిచారు. అంటే కొంత తిరిగి రావడం మామూలే. నాకూ వచ్చింది. మూడో ఏడాదిలో అంకె పైకి కదిలినప్పుడు "మళ్ళీ మొదటికొచ్చావు" అని నన్ను నేను తిట్టుకుంటూ గడపలేదంటే కారణం, డాక్టర్ ఆ సంగతి ముందే చెప్పి ఉంచారు. అందుకే మీకూ ముందే చెబుతున్నాను. ఎనిమిదో నెలలో సంతోషమంతా తూకం మీద ఆనించేస్తే, అది ఆగిన రోజు ఎలా ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

---

మబ్బుతెర (బైపాస్, మూడో ఏడాది)

నాకు సర్జరీకి ముందునుంచే డిప్రెషన్ ఉంది. అందుకే రాస్తున్నాను.

వాకింగ్ మంచిదే. డిప్రెషన్‌కి వ్యాయామం నిజంగా పనిచేస్తుంది, నాకూ పనిచేసింది. కానీ "వాకింగ్ చేస్తే పోతుందిలే" అని మందు బదులు వాకింగ్ పెట్టుకోకండి. తొలిఅడుగు గారూ, మీరు రాసినవి, ఆసక్తి పోవడం, ఊరికే ఏడుపు, పొద్దునే దిగులు, రెండు వారాలకు మించి రోజూ ఉంటే అది అడగాల్సిన విషయం. డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి పిహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, చాలా క్లినిక్‌లలో ఇస్తారు. ఐదు నిమిషాల పని. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి దాచకుండా జవాబు రాయండి.

మందులు వాడుతున్నవాళ్ళకి ముఖ్యమైన సంగతి. బైపాస్ తర్వాత పొట్ట, పేగు మారిపోతాయి కాబట్టి మాత్ర ఒంటికి పట్టే తీరు కూడా మారుతుంది. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలు కొందరికి సరిగ్గా అందవు. నా మందు పనిచేయడం మానేసిందనుకున్నాను, డాక్టర్ మామూలు మాత్రకి మార్చాక తేడా తెలిసింది. లిథియం (బైపోలార్ లాంటి మానసిక సమస్యలకు ఇచ్చే మందు) వాడేవాళ్ళు అయితే మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గినా, బరువు వేగంగా తగ్గినా రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఎక్కువ చెమట పట్టే వ్యాయామం మొదలుపెట్టే ముందు సైకియాట్రిస్ట్‌ని అడగాలి. ఏ మందునీ సొంతంగా ఆపకండి.

ఇంకా, రక్తపరీక్షలు. బి12 తగ్గితే నీరసం, అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు అన్నీ వస్తాయి. ఐరన్ తగ్గితే మెట్లెక్కినా ఆయాసం. విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. మనసు అనుకున్నది ఒక్కోసారి రక్తంలో దొరుకుతుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

---

తోడు (భార్యకు బైపాస్, రెండో ఏడాది)

నేను పేషెంట్‌ని కాదు, భర్తని. రాయొచ్చా అని సందేహిస్తూనే రాస్తున్నాను.

మా ఆవిడ చాలా బరువు తగ్గింది. ఇప్పుడు చర్మం వేలాడుతోందని బాధ. పొట్ట దగ్గర, తొడల లోపల, చేతుల కింద. నడిస్తే ఒరుసుకుని ఎర్రగా పుళ్ళు పడుతున్నాయి. అందుకని వాకింగ్ మానేసింది, తర్వాత బయటికి రావడమే మానేసింది. "లావుగా ఉన్నప్పుడే నయం, అప్పుడు బట్టలేసుకుంటే మనిషిలా ఉండేదాన్ని" అంటుంది. నాకు ఏం మాట్లాడాలో తెలియదు. "నువ్వు బాగున్నావు" అంటే కోపం వస్తుంది. ఏమీ అనకపోతే "నీకూ నచ్చలేదు" అంటుంది.

ఇంకొకటి కూడా గమనించాను. దుకాణంలో చేయి తనకి తెలియకుండానే పెద్ద సైజు బట్టల వైపు వెళ్తుంది. ఇద్దరు పట్టే సందులోంచి కూడా పక్కకి తిరిగి నడుస్తుంది.

---

ఉదయరాగం

తోడు బాబూ, ఆ పక్కకి తిరిగి నడవడం నాకూ ఏడాది పైన ఉంది. ఒళ్ళు తగ్గినంత త్వరగా మనసులో ఉన్న బొమ్మ తగ్గదు. అద్దంలో పాత మనిషే కనబడుతుంది. దానికి సమయం పడుతుంది, కొందరికి కౌన్సెలింగ్ కావాలి.

పుళ్ళ సంగతి ముందు చూడండి. అది నొప్పి, దానికి ధైర్యం చెప్పి లాభం లేదు. ఒంటికి బిగుతుగా పట్టి ఉండే, చెమట పీల్చే లోపలి బట్టలు వాడమనండి. నడిచి రాగానే మడతల్లో నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. దురద, వాసన, పగుళ్ళు ఉంటే ఫంగస్ అయ్యుండొచ్చు, చర్మం డాక్టర్‌కి చూపించండి. అదనపు చర్మం తీసే సర్జరీ ఉంది, మామూలుగా బరువు కొన్ని నెలలు స్థిరంగా ఉన్నాక, అంటే సర్జరీ అయిన ఏడాది, ఏడాదిన్నర తర్వాత ఆలోచిస్తారు. వ్యాయామం వల్ల చర్మం బిగుసుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కింద కండ పెరిగితే చేతులు, తొడలు కాస్త నిండుగా కనబడతాయి, అంతవరకే.

మీరు ఏం అనాలంటారా? రూపం గురించి అసలు ఎత్తకండి. "సాయంత్రం కాసేపు నాతో నడుస్తావా" అని అడగండి. రానంటే ఊరుకోండి, మర్నాడు మళ్ళీ అడగండి.

---

మబ్బుతెర

తోడు గారూ, ఒకమాట సూటిగా రాస్తాను, భయపెట్టడానికి కాదు. కెనడాలోని ఒంటారియోలో 8,815 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. సర్జరీకి ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు పోల్చి చూశారు. తమకు తాము హాని చేసుకుని ఎమర్జెన్సీకి వచ్చిన ఘటనలు సర్జరీ తర్వాత సుమారు 50 శాతం పెరిగాయి. ఎక్కువ భాగం రెండో, మూడో ఏడాదిలోనే. మొత్తం మీద అలాంటివాళ్ళు చాలా తక్కువ మందే, నూటికి ఒకరికి కొంచెం పైన. అయినా చుట్టూ అందరూ "ఇక బాగైపోయింది" అనుకుని చెకప్‌లు తగ్గించే సమయం కూడా అదే. మీ ఆవిడ మనుషుల్లోంచి తప్పుకుంటున్నారు, "అప్పుడే నయం" అంటున్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని మెత్తగా, నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది.

---

నిర్వాహకులు

మబ్బుతెర గారు రాసినదానికి ఒకటి కలుపుతున్నాము. చనిపోవాలన్న ఆలోచన ఉన్నా, తమకు తాము హాని చేసుకునేలా ఉన్నా ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకండి. వెంటనే దగ్గరలోని ఎమర్జెన్సీకి వెళ్ళండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. అలాగే వాంతులు ఆగకుండా అవుతూ, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడటం, తికమకపడటం ఉంటే అది థయామిన్ (విటమిన్ బి1) లోపం కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి, సర్జరీ అయిందన్న సంగతి అక్కడ ముందే చెప్పాలి.

---

గాలిపటం (బైపాస్, రెండో ఏడాది)

ఈ చర్చ చూసి నా సందేహం కూడా ఇక్కడే అడుగుతున్నాను. వ్యాయామం మధ్యలో ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చేతులు వణుకు, అకారణంగా భయం వస్తున్నాయి. ప్యానిక్ అటాక్ అన్నారు ఒకరు. అప్పటినుంచి జిమ్ అంటేనే భయం పట్టుకుంది.

---

పచ్చదారి

గాలిపటం గారూ, తిన్న ఎంతసేపటికి వస్తున్నాయో చూశారా? తిన్న ఒకటి నుంచి మూడు గంటల మధ్య అయితే షుగర్ పడిపోవడం కావచ్చు. బైపాస్ తర్వాత, సాధారణంగా ఏడాది దాటాక, పిండిపదార్థం లేదా తీపి తిన్నప్పుడు షుగర్ చటుక్కున పెరిగి, ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, తర్వాత మరీ కిందికి పడుతుంది. ఆ సమయంలో వ్యాయామం చేస్తే ఇంకా పడుతుంది. లక్షణాలు చూస్తే ప్యానిక్ అటాక్‌లాగే ఉంటాయి, అందుకే పొరపాటు పడతారు.

అలా వచ్చినప్పుడు వెంటనే ఆపి కూర్చోండి. గ్లూకోమీటర్ ఉంటే చూసి అంకె రాసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే గ్లూకోజ్ తీసుకుని, తేరుకున్నాక కొంచెం ప్రొటీన్ ఉన్నది తినండి, లేకపోతే మళ్ళీ పడే అవకాశం ఉంది. తేరుకునేదాకా బండి నడపొద్దు. ఆ లెక్కలతో డాక్టర్‌ని కలవండి. షుగర్ మామూలుగా ఉండి కూడా వస్తుంటే గుండెకి సంబంధించిన పరీక్ష, అది కూడా సరిగ్గా ఉంటే అప్పుడు ప్యానిక్ గురించి మాట్లాడాలి. వరుస ఇదీ. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఈ వరుసలేవీ వద్దు, నేరుగా ఎమర్జెన్సీ.

---

తొలిఅడుగు

అందరికీ నమస్తే. వెంటనే జవాబు రాయలేకపోయాను, క్షమించండి.

మొదటి పోస్టు మా డైటీషియన్‌కి చూపించాను. ఆవిడ చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సైకాలజిస్ట్ దగ్గరికి తనే అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. పిహెచ్‌క్యూ-9 చేశారు, మధ్యస్థంగా ఉందన్నారు. వారం వారం మాట్లాడుతున్నాం. మందులు ఇప్పుడే అవసరం లేదు, మెరుగుపడకపోతే చూద్దామన్నారు. రక్తంలో ఐరన్ నిల్వలు బాగా తక్కువ, బి12 కూడా అంచున ఉంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఇన్నాళ్ళూ కలిపి వేసుకుంటున్నాను. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలట.

ప్రొటీన్ లెక్క వేస్తే 40 గ్రాములు కూడా రావడం లేదు.

సైకాలజిస్ట్ వెయింగ్ మెషీన్‌ని మావారి అల్మారాలో పెట్టించారు. వారానికి ఒక్కసారే బయటికి వస్తుంది. మొదటి రోజులు నిజంగా చేతులు లాగేశాయి. ఇంట్లో చెప్పాను కూడా. అమ్మ "ముందే చెప్పొచ్చు కదే" అంది, అంతే.

ఇంకా బాగైపోయానని చెప్పను. పొద్దున దిగులు ఉంది, ప్రతిరోజూ లేదు. పచ్చదారి గారూ, ఇప్పుడు వారం ఎలా వేసుకోవాలో చెబుతారా?

---

పచ్చదారి

చాలా మంచి కబురు. ఐరన్ అంత తక్కువగా ఉన్నప్పుడు కొన్నాళ్ళు తేలికగానే ఉండాలి, ఆయాసం వస్తే దాన్ని దాటుకుని వెళ్ళకండి.

పెద్దవాళ్ళందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండబలం పెంచేవి. మీరు నడకలో ఇప్పటికే ఆ పై అంకె దాటారు. అందుకని నడక రోజుకి ఒకపూటకి తగ్గించండి, అరగంట. వేగం ఎంత అంటే, పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అదే మోస్తరు. ఆరుబయట, ఇంకొకరితో కలిసి నడిస్తే ఇంకా మంచిది. ట్రెడ్‌మిల్ మీద మీ కళ్ళు అంకెల మీదే ఉంటాయి కాబట్టి దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టమంటాను.

రెండు రోజులు, మధ్యలో ఒకరోజు విడిచి, బలం పెంచేవి. ఉదయరాగం గారి కుర్చీ, గోడకి చేతులు ఆనించి తోసే పుషప్, రబ్బరు బ్యాండ్ లాగడం, మడమలెత్తి నిలబడటం. ఒక్కోటి పది సార్ల చొప్పున రెండు విడతలు. ఆఖరి రెండుసార్లు కష్టంగా ఉండాలి, నొప్పిగా కాదు. ఒకరోజు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ రోజు ఎలా అనిపించిందో సైకాలజిస్ట్‌తో మాట్లాడండి, మీకు అసలు కష్టమైన వ్యాయామం అదే కావచ్చు.

నీళ్ళు ఒకేసారి గటగటా తాగలేరు కదా, వ్యాయామానికి ముందునుంచే గుక్క గుక్కగా తాగుతూ ఉండండి.

సర్జరీ కొత్తగా అయినవాళ్ళు ఇది చదువుతుంటే, ఈ పట్టిక మీకు కాదు. మీకు మొదటి రోజు నుంచి నడక మాత్రమే, అదీ కొంచెం కొంచెంగా, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. బరువులెత్తడం, పొట్టమీద ఒత్తిడి పడేవి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వద్దంటారు, హెర్నియా రాకుండా. సర్జన్ సరే అన్నాకే.

---

దూకుడు

తొలిఅడుగు గారూ, మీరు కోలుకుంటున్నందుకు సంతోషం. నేను పరుగు మాత్రం ఆపను, నాకు అది బాగుంది. ఉదయరాగం అక్క చెప్పిన మాట మీద ఆలోచిస్తున్నాను.

ఒక సందేహం. పరుగు తర్వాత మోకాలి పక్కన నొప్పిగా ఉంటోంది. జిమ్‌లో ఐబుప్రొఫెన్ వేసుకోమన్నారు. పర్వాలేదా?

---

పచ్చదారి

సొంతంగా వేసుకోవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ వాళ్ళకి వద్దనే అంటారు, కడుపునీ పేగునీ కలిపిన అతుకు దగ్గర పుండు పడి రక్తం కారే ప్రమాదం ఉంది. స్లీవ్ వాళ్ళు కూడా సర్జన్‌ని అడగకుండా వాడకూడదు. నొప్పికి పారాసిటమాల్ మేలు, అది కూడా మోతాదు దాటకుండా. ఇప్పటికే వేసుకుని ఉంటే, నల్లటి విరేచనం, పైపొట్టలో మంట కనబడితే వెంటనే చూపించుకోండి.

నొప్పి తగ్గేదాకా పరుగు ఆపి సైకిల్ తొక్కండి. తుంటి పక్క కండలు బలహీనంగా ఉంటే మోకాలి పక్కన నొప్పి వస్తుంటుంది, ఎవరైనా ఫిజియోకి చూపిస్తే పది నిమిషాల్లో తేలుతుంది.

---

తోడు

మబ్బుతెర గారూ, అడిగాను. చచ్చిపోవాలని లేదు కానీ "లేకపోయినా బాగుండు" అని అప్పుడప్పుడు అనిపిస్తోందంది. మర్నాడే ఇద్దరం డాక్టర్‌ని కలిశాం. మందు మొదలుపెట్టారు, కౌన్సెలింగ్‌కి కూడా వెళ్తోంది. చర్మానికి ఆయింట్‌మెంట్ ఇచ్చారు, పుళ్ళు ఆరుతున్నాయి.

నిన్న సాయంత్రం నడుద్దామా అని అడిగితే వద్దంది. నీళ్ళలో అయితే ఒరుసుకోదు కదా, ఈత కొట్టొచ్చా అని తనే అడిగింది. సర్జరీ గాయాలు ఎప్పుడో మానిపోయాయి. పుళ్ళు పూర్తిగా ఆరాక వెళ్ళొచ్చా?

---

పచ్చదారి

పుళ్ళు పూర్తిగా ఆరి, చర్మం డాక్టర్ సరే అన్నాక నిశ్చింతగా వెళ్ళొచ్చు. నీళ్ళలో మోకాళ్ళ మీద భారం పడదు, ఈత రాకపోయినా ఛాతీ లోతు నీళ్ళలో నడిస్తే చాలు. నీళ్ళు చర్మాన్ని పైకి తేల్చి పట్టుకుంటాయి కాబట్టి చాలామందికి హాయిగా ఉంటుంది. బయటికి రాగానే క్లోరిన్ పోయేలా స్నానం చేసి మడతలు ఆరబెట్టుకోవాలి. ఎముకలకి మాత్రం ఈత ఒక్కటే చాలదు, వారానికి రెండు రోజులు కుర్చీ వ్యాయామం కలపమనండి. ఈతదుస్తుల గురించి మొహమాటపడితే మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా కప్పేవి ఉంటాయి, అవి కొనండి.

---

ఉదయరాగం

తోడు బాబూ, మీ ఆవిడకి అభ్యంతరం లేకపోతే నాకు మెసేజ్ పెట్టమనండి. నేనూ నీళ్ళలోనే నడుస్తున్నాను. మొదటిసారి వెళ్ళేటప్పుడు జనం తక్కువగా ఉండే సమయం అడిగి వెళ్ళండి.